చిన్న రాళ్ల తూకం

జనవరి 8

రిపోర్టు వచ్చింది. ఇరవై ఎనిమిది. పదిహేను దాటకూడదట.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. "ఏం తింటున్నారో, ఎంత నడుస్తున్నారో రాసుకోండి" అని గుండె డాక్టరు అన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చూపించేది కాదు కనక అక్షరాలు ఎలా ఉన్నా ఫరవాలేదు.

ఆయన చెప్పింది మర్చిపోకముందే రాసుకోవాలి. ఆ పదార్థం పేరు హోమోసిస్టీన్. మనం తిన్న మాంసకృత్తులు ఒంట్లో అరిగేటప్పుడు పుడుతుంది. పుట్టడంలో తప్పేమీ లేదు. ఫోలేటు, బి12, బి6 అనే విటమిన్లు దాన్ని ఎప్పటికప్పుడు వేరే పనికి మళ్లిస్తాయి. అవి చాలకపోతే రక్తంలో పేరుకుంటుంది. అలా పేరుకున్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయట. రక్తనాళాల లోపలి గోడని పాడుచేస్తుందని అనుమానం. ఆకుకూరలు, గింజలు, గుడ్లు, పాలు తినమన్నాడు. కాఫీ తగ్గించమన్నాడు. మాత్రలు రాశాడు. రోజూ నడవమన్నాడు.

"ఇదొక్కటే చూసుకుంటే చాలదండీ. చాలా వాటిలో ఇదొకటి. మీ అన్నయ్య అలా పోయారు కాబట్టి మీరు ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోండి," అన్నాడు.

అలాగే అన్నాను. ఆ పరీక్ష సంగతి తర్వాత చూద్దాం.

అన్నయ్య రక్తంలో కూడా ఇదే ఎక్కువగా ఉందని ఆయన పోయాక తెలిసింది. షుగర్ లేదు, సిగరెట్టు లేదు, కొలెస్ట్రాల్ లేదు. దొంగ ఎవరో తేలిపోయినట్టే. అన్నయ్య షాపు మెట్ల మీద ఊరికే కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. అప్పటికి ఆయనకి యాభై ఒకటి. ఈ ఏడు నాకు యాభై ఒకటి.

జనవరి 10

షాపులో ఉన్న సన్న త్రాసు ఇంటికి తెచ్చాను. ఇత్తడి రాళ్ల పెట్టె కూడా. మాది కాటాలు బాగుచేసి, సరిచూసి, సీలు వేసే షాపు. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల సరుకు సరిగ్గా తూగిందా లేదా అని చూసినవాణ్ని, నా కంచంలో ఏం తూగుతోందో ఎప్పుడూ చూడలేదు.

పాలకూర తూచి ఇచ్చాను. మా ఆవిడ అలవాటుగా ఉడకబెట్టి నీళ్లు వంచేయబోయింది. ఆగమన్నాను. ఫోలేటు నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లు పారబోస్తే మిగిలేది పిప్పి.

"ఆకుకూరలో పసరు వాసన వస్తోంది, నీళ్లు వంచెయ్యమని పెళ్లయిన కొత్తలో గోల పెట్టింది ఎవరండీ?"

"అప్పుడు తెలియదు."

"ఇప్పుడు తెలిసింది కాబోలు. మరి ఉప్పు నాలికతో చూడనా, దానికీ కాటా తెస్తారా?"

ఆవిరి మీద మగ్గించి పెట్టింది. పసరు వాసన ఉంది. తిన్నాను.

జనవరి 13

నడిచాను. మా వీధి చివర్నుంచి పైకి ఎక్కే దారి. ఫోటో ఫ్రేముల షాపు దగ్గర కాసేపు ఆగాను. మంచి ఫ్రేములు పెట్టాడు.

జనవరి 14

నడిచాను. ఫ్రేముల షాపు దగ్గర ఆగాను.

జనవరి 17

కాఫీ మానేశాను.

జనవరి 18

కాఫీ మానేశాను. పార్సిల్ ఆఫీసులో ఇచ్చింది లెక్కలోకి రాదు, కాదనలేక తాగింది.

వాళ్ల ప్లాట్‌ఫారం కాటాకి సీలు గడువు అయిపోయింది. మట్టం చూశాను. నాలుగు మూలలా చిన్న రాళ్లు పెట్టి చూశాను. మధ్యలో పెట్టి చూశాను. ఎక్కడా తేడా లేదు. ఇనుప రాళ్లు, ఆ పిడి ఉన్న పెద్దవి, వ్యానులోంచి దించలేదు. ఇప్పుడు అన్నీ ఎలక్ట్రానిక్ కాటాలు. చిన్న బరువు సరిగ్గా చూపించేది పెద్ద బరువు చూపించకుండా ఎక్కడికి పోతుంది? సీలు వేసి వచ్చేశాను.

అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయనది చాదస్తం. కాటా ఎంత మోస్తానంటుందో అంతా దాని నెత్తిన పెట్టి చూస్తే గానీ సీలు ముట్టుకునేవాడు కాదు.

జనవరి 22

మధ్యాహ్నం షాపులో డబ్బా తెరిచాను. ఆకులు, ఉడికించిన గుడ్డు, నానబెట్టిన గింజలు. ఎదురు బల్ల దగ్గర వదిన ఒక చిల్లర కాటా విప్పి కూర్చుంది. అన్నయ్య పోయాక ఆయన బల్ల ఎవరికైనా అద్దెకి ఇద్దామని నేను అంటే, "ఆ బల్ల ముందు నేను కూర్చుంటాను" అని వచ్చి కూర్చుంది. పని అన్నయ్య దగ్గర ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. స్క్రూలు తీసి మూతలో వేసే పద్ధతి కూడా అచ్చం ఆయనదే.

"మేకలు కూడా మధ్యలో ఆగి నెమరు వేస్తాయి మరిదీ. నువ్వు ఆపకుండా నములుతున్నావు," అంది.

"నెంబరు తగ్గాలి వదినా."

"తగ్గుతుందిలే. మొహం చూడు, ముందు అది తగ్గిపోయింది."

జనవరి 25

నడిచాను. ఎడమ పక్క కింది దవడ లాగింది. ఏదో పన్ను పుచ్చుతున్నట్టుంది.

ఫ్రేముల షాపతను లోపలికి రమ్మన్నాడు. "రోజూ వచ్చి చూస్తారు, ఒక్కటీ కొనరు" అన్నాడు. తొందర్లోనే కొంటానన్నాను. మాట్లాడుతుండగా నొప్పి పోయింది.

ఫిబ్రవరి 1

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్నవయసు ఆవిడ. నోరు తెరిపించి ప్రతి పన్నూ తట్టింది.

"ఎప్పుడు నొప్పి వస్తుంది?"

"నడిచేటప్పుడు."

"నమిలేటప్పుడు?"

"రాదు."

"చల్లనివి తాగితే?"

"రాదు. ఎక్కుడు దారిలో వస్తుంది. ఆగితే పోతుంది."

ఆవిడ చేతిలోని అద్దం కింద పెట్టింది. "పళ్లతో నడుస్తారా ఏంటండీ మీరు?" అని నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, "మీ పళ్లు రాళ్లలా ఉన్నాయి. ఈ మాట ముందు గుండె డాక్టరుకి చెప్పండి," అంది.

సరే అన్నాను. పళ్ల గురించి గుండె డాక్టరుకి ఏం తెలుస్తుంది?

ఫిబ్రవరి 2

ఇవాళ్టి నుంచి ఎక్కుడు దారి వద్దనుకున్నాను. పార్కు చుట్టూ నడిచాను. చదునుగా ఉంది. దవడ బాగుంది. పన్ను దానంతట అదే సర్దుకుందన్నమాట.

ఫిబ్రవరి 12

పందొమ్మిది!

ఒళ్లు మాట వింటోంది. ఏం వేస్తే ఏం తగ్గుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. మాత్రలు తప్పలేదు. ఆకులు తప్పలేదు. కూరగాయలు మాడేదాకా వేయించడం మా ఇంట్లో పూర్తిగా పోయింది. మా ఆవిడ కూడా నాతోపాటే తింటోంది. ఆవిడకి ఈ తిండి నచ్చుతోందనే నా అనుమానం, పైకి మాత్రం చెప్పదు.

ఫిబ్రవరి 20

కూరగాయల మార్కెట్టులో మూటలు తూచే కాటా. చిన్న రాళ్లతో చూశాను, బాగుంది, సీలు వేశాను. హమాలీ ఒకడు "పెద్దవి పెట్టి చూడరా సార్?" అన్నాడు. నడుం పట్టేసిందన్నాను.

సాయంత్రం వదిన వ్యానులో రెంచీ వెతుకుతూ, "పెద్ద రాళ్ల మీద ఇంత దుమ్మేంటి? వాడట్లేదా?" అంది.

"రోడ్డు పని జరుగుతోందిగా వదినా. దుమ్ము లేచి పడుతోంది," అన్నాను.

ఫిబ్రవరి 21

పొద్దున్నే వెళ్లి పెద్ద రాళ్లు తుడిచాను. ఎత్తలేదు, ఉన్నచోటే తుడిచాను.

మార్చి 5

ట్రెడ్‌మిల్ పరీక్షకి ఎప్పుడు వస్తారని ఆసుపత్రి నుంచి ఫోను. ఊళ్లో లేనన్నాను. ఫోను వచ్చింది షాపు లాండ్‌లైనుకి. అవతలి అమ్మాయి ఏమీ అనలేదు, మంచి పెంపకం.

మార్చి 9

దవడ బాగుంది. షాపు మెట్ల దగ్గర తప్ప.

మార్చి 18

పదకొండు.

మళ్లీ రాసుకుంటాను. పదకొండు. ఇరవై ఎనిమిది నుంచి పదకొండుకి. ల్యాబులో కుర్రది రిపోర్టు ఇస్తూ "కంగ్రాట్స్ అంకుల్" అంది. అన్నయ్యని తీసుకుపోయినదాన్ని నేను మెడ పట్టుకుని బయటికి గెంటాను. ఆయనకి ఎవరూ ముందే చెప్పలేదు, నాకు చెప్పారు. తేడా అంతే. ఈ మాట రాస్తుంటే సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

ఇంటికి వస్తూ ఫ్రేముల షాపుకి వెళ్లి, ఇచ్చిన మాట ప్రకారం ఒక ఫ్రేము కొన్నాను. రిపోర్టు అందులో పెట్టించి షాపులో మా లైసెన్సు పక్కన మేకు కొట్టాను.

వదిన కళ్లజోడు పైకి జరిపి చదివింది. "మీ అన్నయ్య ఫోటో ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ముందు నీ నెత్తురుకి కట్టించావా ఫ్రేము?" అంది.

కోప్పడిందేమో అనుకున్నాను. లేదు, తనే బట్ట తెచ్చి అద్దం తుడిచింది. "పోన్లే. నువ్వైనా ఉండు," అంది.

మార్చి 19

ఇక ట్రెడ్‌మిల్ అవసరం లేదు. కాటా సున్నా చూపిస్తున్నప్పుడు దాన్ని విప్పి చూసేవాణ్ని ఎవరూ మెచ్చుకోరు.

మార్చి 27

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పార్సిల్ ఆఫీసు మేనేజరు స్వయంగా వచ్చాడు. నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడే రకం కాదు. ఇవాళ గట్టిగానే మాట్లాడాడు. చిన్న పార్సిళ్లకి కాటా బాగుంది, పెద్ద పెట్టెలు ఎక్కిస్తే తక్కువ చూపిస్తోంది. అదే పెట్టె అవతలి ఆఫీసులో దించినప్పుడు ఎక్కువ తూగుతోంది. రెండు ఆఫీసులవాళ్లూ ఒకరినొకరు దొంగ అనుకుంటున్నారు. "మీ సీలు చూసే కదండీ మేం నమ్మింది," అన్నాడు.

నేను లేచేలోపే వదిన వ్యాను తాళాలు తీసుకుంది. "పద, చూద్దాం," అంది. ఆవిడ ఎప్పుడూ బయటి పనికి రాదు. ఎందుకొస్తున్నారని అడిగితే, "మన సీలుకి ఇన్నేళ్లలో మాట రాలేదు," అంది.

అక్కడ చిన్న రాళ్లు పెట్టాం. సరిగ్గా ఉంది. "పెద్దవి దించు," అంది.

"నడుం పట్టేసింది వదినా."

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

వదిన కొంగు బిగించి, వ్యాను తలుపు తీసి, తనే ఒక రాయి దించింది. రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు వంచి, అన్నయ్య దించినట్టే. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు గానీ ముట్టుకోనివ్వలేదు. రెండోది దించింది. మూడోది. అంకెలు ఒకచోట నిలబడలేదు. నాలుగోది ఎక్కించేసరికి కాటా తప్పు చెప్పడం అందరికీ కనిపించింది. కింద బరువు మోసే దూలం ఒకటి పగిలి ఉంది. బరువు తక్కువగా ఉన్నంతసేపూ తట్టుకుంది, పైన పడగానే వంగింది.

"దీన్ని జనవరిలో ఎలా పాస్ చేశావు?"

"చిన్నవాటితో చూశాను."

"పెద్దవి పెట్టలేదా?"

మేనేజరు మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాడు. వదిన ప్లాట్‌ఫారం అంచున కూర్చుంది. ఆయాసపడుతోంది.

"పెద్దవి ఎందుకు పెట్టలేదు మరిదీ? నువ్వు బద్ధకస్తుడివి కాదు. నీకు నడుం నొప్పి ఉంటే ఊరంతా తెలుస్తుంది, నాకు తెలియదా? ఎత్తితే ఏమవుతోంది?"

"దవడ లాగుతుంది," అన్నాను.

అనగానే నాకే నవ్వొచ్చింది. రాయి ఎత్తితే దవడ నొప్పి. పళ్లతో నడుస్తారా అన్న పళ్ల డాక్టరు మాట చెప్పాను. వదిన నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. "మీ అన్నయ్య మెట్లు ఎక్కుతూ ఇలా పట్టుకునేవాడు," అని తన గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించింది. "మధ్యలో ఆగేవాడు. పెద్ద ఆలోచనాపరుడు బయల్దేరాడండీ అని నేను వెక్కిరించేదాన్ని."

మేనేజరు గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఆ ఫ్రేము కట్టించిన కాగితం నాకెందుకు? నువ్వు బరువు ఎత్తినప్పుడు ఏమవుతోందో అది చెప్పు," అంది. గట్టిగా అరిచింది. వదిన నా మీద అరవడం ఇదే మొదలు.

అప్పుడు చెప్పాను. ఎక్కుడు దారి గురించి, ఫ్రేముల షాపు గురించి, షాపు మెట్ల గురించి, మార్కెట్టు కాటా గురించి. చెబుతుంటే అంతా వరసగా వచ్చింది, నాకు ముందే తెలిసినట్టు. తెలుసు. పళ్ల డాక్టరు చెప్పిన రోజే తెలుసు. ట్రెడ్‌మిల్ ఎక్కితే తేలిపోతుందని ఎక్కలేదు. భయం. జనవరి నుంచి రాసిన ప్రతి పేజీలోనూ ఉన్నది అదే, ఆ మాట ఒక్కటే రాయలేదు.

వదిన సీలు తీగ కత్తిరించి నా జేబులో వేసింది. మేనేజరుతో "తప్పు మాది. కాటా బాగుచేసి ఇస్తాం. ముందు ఇంకో పని ఉంది," అని చెప్పి, వ్యాను ఆసుపత్రి వైపు తిప్పింది.

మార్చి 28

నిన్న మిగతాది రాయలేకపోయాను.

ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నడవనివ్వలేదు. దవడ లాగింది. తెర మీద గీతలు చూసి డాక్టరు తనే చెయ్యి చాపి యంత్రం ఆపేశాడు. కూర్చోబెట్టి నాలిక కింద మాత్ర పెట్టారు. ఇంటికి వెళ్లనివ్వలేదు.

పదకొండు కదా అన్నాను. నా గొంతు ఫిర్యాదు చేస్తున్నట్టు వినిపించింది.

"మంచిదేనండీ, ఆ తిండి మానకండి, నడక కూడా. గుండెకి మేలే," అన్నాడు డాక్టరు. "మాత్రలతో ఆ నెంబరు దించడం తేలిక. అది దిగినంత మాత్రాన గుండెపోట్లు తగ్గుతాయని మాత్రం గట్టిగా తేలలేదు. పైగా ఇది ఎన్నో ఏళ్లుగా పూడుకుంటూ వచ్చిన నాళం. మూడు నెలలు ఆకుకూరలు తింటే తెరుచుకోదు. దవడ నొప్పి వస్తోందని ఒక్క మాట చెప్పాల్సింది."

మా ఆవిడ వచ్చింది. తనకి వదిన ఏమీ చెప్పలేదట. నువ్వే చెప్పుకో అన్నట్టు వదిన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. చెప్పాను.

"పన్ను అన్నారు కదండీ," అంది మా ఆవిడ.

"అన్నాను."

"నేను లవంగం కూడా పెట్టాను."

"అవును."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చాలాసేపు నా కాళ్ల మీద దుప్పటి సర్దుతూనే ఉంది. ఆ దుప్పటి మొదట్నుంచీ సరిగ్గానే ఉంది.

మార్చి 29

పూడిన నాళం తెరవడానికి రేపు పొద్దున్నే లోపలికి తీసుకెళతారు. మార్కెట్టు కాటా మళ్లీ చూడమని వదినకి చెప్పాను. చిన్న రాళ్లతోనే పాస్ చేసినవి ఇంకా రెండు ఉన్నాయి, అవీ చెప్పాను. ఇంకేమైనా దాచావా అంది. లేదన్నాను. నిజమే.

మార్చి 31

బతికే ఉన్నాను. మణికట్టు దగ్గర చిన్న కట్టు, అంతే. స్టెంటు వేశారు.

సాయంత్రం డాక్టరు వచ్చి తెర మీద బొమ్మలు చూపించాడు. ముందు ఇలా ఉంది, ఇప్పుడు ఇలా ఉంది. రెండో బొమ్మలో నాళం నిండుగా నల్లగా పారుతోంది. మొదటి దాంట్లో ఒకచోట సన్నగా నొక్కేసినట్టు ఉంది. మా ఆవిడ రెండో బొమ్మనే చూస్తూ దణ్ణం పెట్టింది.

వదిన, "మొదటిది మళ్లీ పెట్టండి," అంది.

డాక్టరు పెట్టాడు. వదిన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని దగ్గరికి వెళ్లింది. అడ్డుపడ్డ చోట వేలు పెట్టింది. వేలు పెడితే అది కనిపించనే లేదు.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా."

"ఇంత ఉంటే చాలా, మనిషి పోవడానికి?"

డాక్టరు నా వైపు చూసి, ఫైలు మూసి బయటికి నడిచాడు. ఆయన వెళ్లాక కూడా వదిన ఆ తెర ముందు నుంచి కదల్లేదు. తెర ఆరిపోయింది. ఏమీ లేని ఆ తెర వైపే చూస్తూ, "ఇంతేనని తెలిస్తే ఎత్తుకునైనా తీసుకొచ్చేదాన్ని కదా మరిదీ," అంది.

అన్నయ్య పోయిన రోజున వదిన ఏడవలేదు. వచ్చిన వాళ్లందరికీ కుర్చీలు వేసింది. ఇవాళ నా మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. కట్టు లేని చెయ్యి ఆవిడ తల మీద పెట్టాను, నేను కూడా ఏడ్చాను.